తొందరకు వెల కట్టాకే సంతకం

డాలస్ చుట్టుపక్కల సొంతిల్లు ఉన్నవాళ్లందరికీ ఆ పసుపు కార్డు పరిచయమే. చేత్తో రాసినట్టు కనిపించే అక్షరాలతో పోస్టు డబ్బాలో పడి ఉంటుంది. మీ ఇల్లు ఎలా ఉన్నా కొంటాం, రిపేర్లు చేయించక్కర్లేదు, కమీషన్ లేదు, వారంలో డబ్బు చేతికిస్తాం అని అందులో ఉంటుంది. ఈ వ్యాపారాన్ని ఫ్రాంచైజీగా మార్చి అమెరికా అంతటా నడిపిన హోమ్‌వెస్టర్స్ కంపెనీ 1996లో డాలస్‌లోనే మొదలైంది. వికారంగా ఉన్న ఇళ్లు కొంటామని చెప్పే దాని పసుపు హోర్డింగులు హైవేల పక్కన ఎప్పటినుంచో కనబడుతూనే ఉన్నాయి. దాని బాటలోనే చిన్నాచితకా కొనుగోలుదారులు వేలల్లో పుట్టుకొచ్చారు.

మామూలు రోజుల్లో ఆ కార్డు చెత్తబుట్టలోకి పోతుంది. ఉద్యోగం ఊడిన వారం, విడాకుల నోటీసు అందిన వారం, పైపు పగిలి హాలంతా నీళ్లు నిండిన వారం అదే కార్డును వెతికి మరీ తీస్తారు. కార్డు పంపినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. నేరుగా నగదు ఇచ్చి కొనేవారు ఇంటితో పాటు అమ్మేవారి తొందరను కూడా కొంటారు. ఇంటి ధర ఎంతో కనుక్కోవడానికి అమ్మేవాళ్లు నలుగురిని అడుగుతారు. తొందర ధర ఎంతో మాత్రం చాలామంది లెక్క వేయరు. ఆ లెక్క వేసుకున్నవాళ్లకు నగదు కొనుగోలుదారు మంచి సాయమే చేయగలడు. వేసుకోనివాళ్లు ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి కూడబెట్టుకున్న విలువను ఒక్క సంతకంతో వదులుకుంటారు.

ముందు సాయం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కొనుగోలుదారులందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. డాలస్ నేల మన కోస్తా, రాయలసీమ నల్లరేగడి జాతిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లు తీస్తుంది. దాని మీద వేసిన కాంక్రీటు పలక ఏళ్లు గడిచేకొద్దీ ఒకవైపు కుంగుతుంది. తలుపులు బిగుసుకుపోతాయి, గోడల మూలల్లో మెట్లమెట్లుగా పగుళ్లు వస్తాయి. అలాంటి పునాదిని సరిచేయించాలంటే వేల డాలర్లు అవుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు కరెంటు పోయి, పైపులు పగిలి పాడైన ఇళ్లకు లెక్కలేదు. ఇలాంటి ఇంటిని మామూలు కుటుంబం ఇష్టపడినా బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు. ప్రభుత్వ హామీతో ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోనుకైతే ఇల్లు భద్రంగా, నివాసయోగ్యంగా, గట్టిగా ఉండాలన్న కనీస షరతులు ఉన్నాయి. పైకప్పు కారే ఇంటికి, పునాది కుంగిన ఇంటికి ఆ లోను దొరకడం కష్టం. అక్కడ నగదు పెట్టి కొనేవారే దిక్కు. బ్యాంకు వేలం దగ్గర పడినప్పుడు, చనిపోయిన పెద్దవాళ్ల ఇల్లు పదిమంది వారసుల మధ్య నలుగుతున్నప్పుడు కూడా వాళ్ల వేగానికి నిజమైన విలువ ఉంటుంది.

మరి ఆ వేగానికి వాళ్లెంత తీసుకుంటారు? పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్మేవాళ్ల మధ్య ఒక కొండగుర్తు వాడుకలో ఉంది. బాగుచేశాక ఇల్లు ఎంతకు పోతుందో అంచనా వేసి, అందులో 70 శాతం తీసుకుని, రిపేర్ల ఖర్చు మినహాయిస్తారు. మిగిలిందే వాళ్లు ఇచ్చే గరిష్ఠ ధర. బాగుచేశాక 4 లక్షల డాలర్లకు పోయే ఇల్లు, రిపేర్లకు 50 వేలు అనుకుందాం. 70 శాతం అంటే 2 లక్షల 80 వేలు. అందులో 50 వేలు తీసేస్తే 2 లక్షల 30 వేలు. మినహాయించుకున్న ఆ 30 శాతమంతా లాభమే అనుకోవడం తప్పు. అప్పు తెచ్చిన సొమ్ముకు వడ్డీ, ఇల్లు తిరిగి అమ్ముడుపోయేదాకా పన్నులూ బీమా, అమ్మేటప్పుడు ఏజెంటు కమీషన్, ఊహించని రిపేర్లు అన్నీ అందులోంచే రావాలి. పోటీ ఎక్కువున్న చోట 70 శాతం దాటి ఇచ్చేవాళ్లూ ఉంటారు.

ఇప్పుడు అదే ఇంటిని ఏ రిపేరూ చేయించకుండా, ఉన్నదున్నట్టుగానే ఏజెంటు ద్వారా అందరికీ కనబడేలా అమ్మకానికి పెట్టారనుకుందాం. చాలామంది ఈ దారి ఒకటుందనే మరిచిపోతారు. ఉన్నదున్నట్టుగా అమ్మడం వేరు, ఒకే కొనుగోలుదారుకి అమ్మడం వేరు. ఆ ఇంటికి 3 లక్షల 20 వేలు వచ్చిందనుకుంటే, కమీషన్ ఐదున్నర శాతం చొప్పున 17,600 పోతుంది. యాజమాన్య హక్కుకు బీమా అయిన టైటిల్ పాలసీ, ఇతర ముగింపు ఖర్చులకు 5 వేలు. అదనంగా ఎనిమిది వారాలు పట్టిందనుకుని ఆ రెండు నెలల వాయిదా, పన్ను, బీమా, కరెంటు కలిపి 6,400. చేతికొచ్చేది 2 లక్షల 91 వేలు. నగదు కొనుగోలుదారు ఇచ్చేదానికీ దీనికీ తేడా 61 వేల డాలర్లు. ఎనిమిది వారాలతో భాగిస్తే వారానికి 7,600 పైచిలుకు. ఈ ఇంటి యజమాని తొందర ఖరీదు అదీ.

అంకెలు ఇంటింటికీ మారతాయి, భాగహారం మాత్రం అందరూ చేయవలసిందే. పునాది పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి బహిరంగ మార్కెట్లోనూ ధర పడిపోతుంది కాబట్టి తేడా పది, పదిహేను వేలకు దిగిపోవచ్చు. అప్పుడు నగదుకి అమ్మి హాయిగా నిద్రపోవడమే తెలివైన పని. పైపై రంగులు వెలసి, కార్పెట్ చిరిగిన ఇంటికి మాత్రం 60 వేలు వదులుకోవడానికి కారణమే లేదు.

పెద్ద కంపెనీలు, కంప్యూటరు లెక్కలు ఉన్నచోట మోసం, పొరపాటు ఉండవని కొందరి నమ్మకం. రెండు ఉదంతాలు చూస్తే దాని సంగతి తెలుస్తుంది. 2014లో మొదలైన ఓపెన్‌డోర్ కంపెనీ వెబ్‌సైట్లోనే ధర చెప్పి ఇళ్లు కొంటుంది. మార్కెట్లో అమ్మితే వచ్చేదానికన్నా మా దగ్గరే ఎక్కువ మిగులుతుందని ప్రచారం చేసుకుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారించి, ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదనీ, చాలామంది అమ్మకందారులకు వేల డాలర్ల నష్టం వచ్చిందనీ అభియోగం మోపింది. 2022 ఆగస్టులో 6 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. జిల్లో కథ ఇంకో రకం. దేశమంతటా ఇళ్ల ధరల సమాచారం తన దగ్గర ఉన్న ఆ కంపెనీ 2018లో స్వయంగా ఇళ్లు కొనడం మొదలుపెట్టి, 2021 నవంబరులో ఆ విభాగాన్నే మూసేసింది. ఒక్క త్రైమాసికంలోనే 30 కోట్ల 40 లక్షల డాలర్ల విలువను పుస్తకాల్లో తగ్గించి రాసుకుంది. సిబ్బందిలో పాతికశాతం మందిని తొలగించింది. అంత సమాచారం ఉన్నవాళ్లే ధర అంచనాలో బోల్తాపడ్డారు. అందుకే ఈ రంగంలో మిగిలిన ప్రతివాళ్లూ పొరపాటుకు కొంత జాగా ఉంచుకుని ధర చెబుతారు. ఆ జాగా ఖర్చు అమ్మేవారి వాటాలోంచే వెళుతుంది.

ఇక చట్టం సంగతి. ఉన్నదున్నట్టుగా అమ్ముతున్నాం కదా, లోపాలు చెప్పనక్కర్లేదు అనుకోవడం చాలా పెద్ద ప్రమాదం. ఆస్టిన్‌లోని జెఫర్సన్ బిల్డింగ్ అనే ఆఫీసు భవనాన్ని 1984లో ప్రుడెన్షియల్ బీమా కంపెనీ ఉన్నదున్నట్టుగా అనే షరతుతో అమ్మింది. తర్వాత ఆ భవనంలో ఆస్‌బెస్టాస్ బయటపడితే కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. కేసు టెక్సస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1995లో కొన్నవాళ్లు ఓడిపోయారు. ఆ షరతు అమ్మేవారిని కాపాడిందన్నమాట. అదే తీర్పులో కోర్టు మరో మాట కూడా గట్టిగా చెప్పింది. తెలిసిన లోపాన్ని దాచినా, అబద్ధం చెప్పి ఒప్పించినా, కొనేవారిని సరిగ్గా తనిఖీ చేసుకోనివ్వకపోయినా ఆ షరతు అక్కరకు రాదు.

టెక్సస్‌లో ఇల్లు అమ్మే యజమాని తనకు తెలిసిన లోపాలను రాసిచ్చే పత్రం ఒకటుంది. పైకప్పు, పునాది, వరద, చెదలు అన్నీ అందులో అడుగుతారు. గత నాలుగేళ్లలో ఏదైనా తనిఖీ నివేదిక చేతికొచ్చిందా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన రంగుల గురించి తెలిసింది చెప్పాలని ఫెడరల్ చట్టం. నగదు కొనుగోలుదారు మాకవేమీ అక్కర్లేదు అన్నా, నింపి ఇచ్చి సంతకం తీసుకోవడమే మంచిది. దాచినవారికే తర్వాత కష్టం, చెప్పినవారికి రక్ష.

ఇప్పుడు అగ్రిమెంటు. చాలామంది మోసపోయేది ధర దగ్గర కాదు, ఈ కాగితం దగ్గరే. కొనేవారి పేరు పక్కన 'లేదా వారు నియమించినవారు' అనే అర్థం వచ్చే ముక్క ఉందంటే, ఎదుట కూర్చున్న మనిషికి ఆ ఇల్లు కొనే ఉద్దేశం లేకపోవచ్చు. అతను అగ్రిమెంటునే ఇంకొకరికి అమ్ముకునే మధ్యవర్తి. అమెరికాలో వీళ్లను హోల్‌సేలర్లు అంటారు. మన ఊళ్లలో అగ్రిమెంటు రాయించుకుని, రిజిస్ట్రేషన్ లోపు వేరేవాళ్లకు పార్టీ మార్చే పద్ధతి తెలిసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. అదంతా అక్రమం అని చెప్పలేం. కానీ అతని పది పదిహేను వేల డాలర్ల వాటా అమ్మేవారికి రావలసిన దాంట్లోంచే పోతుంది, పైగా అతనికి పార్టీ దొరక్కపోతే బేరం చివరి నిమిషంలో ఆగిపోతుంది. ఇల్లినాయ్ రాష్ట్రం 2019లో, ఓక్లహోమా 2021లో ఈ వ్యాపారానికి లైసెన్సు కట్టుబాట్లు తెచ్చాయంటే ఫిర్యాదులు ఎంతగా పెరిగాయో ఊహించవచ్చు.

బయానా మొత్తాన్ని చూడగానే కొనేవారి చిత్తశుద్ధి సగం తెలిసిపోతుంది. మామూలు బేరంలో ధరలో ఒక శాతం వరకూ, అమ్మకం లావాదేవీని నడిపే టైటిల్ కంపెనీ దగ్గర కడతారు. మూడు లక్షల ఇంటికి వంద డాలర్లు బయానా పెట్టినవారు వెనక్కి తగ్గితే వాళ్లకు పోయేదేమీ లేదు. టెక్సస్‌లో ఆప్షన్ గడువు అని ఒకటి ఉంటుంది. కొద్దిపాటి రుసుము కట్టి, ఆ గడువు లోపల కొనేవారు ఏ కారణం చెప్పకుండానే బేరం వదులుకోవచ్చు. ఐదారు రోజులయితే సబబు. ముప్పై రోజులు అడిగితే అనుమానించాలి. ఆకర్షణీయమైన ధరకు ఒప్పించి, అమ్మేవారు సామాన్లు సర్దేసుకుని కొత్తచోట అడ్వాన్సు కూడా కట్టాక, రిజిస్ట్రేషన్‌కి రెండు రోజుల ముందు పునాది పాడైంది, 25 వేలు తగ్గించండి అనడం ఈ రంగంలో బాగా పాతబడిన ఎత్తు.

అంతకన్నా ఘోరమైనది ఇంకొకటుంది. అమ్మేవారు మనసు మార్చుకుని వెనక్కి తగ్గితే, అగ్రిమెంటు ఉందని కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించి ఇంకెవరికీ అమ్ముకోనివ్వకుండా ఇరికించడం. 2023లో ప్రోపబ్లికా పాత్రికేయులు హోమ్‌వెస్టర్స్ ఫ్రాంచైజీల మీద చేసిన పరిశోధనలో ఇలాంటి ఉదంతాలు బయటకు తెచ్చారు. వాటిలో వృద్ధులు, అప్పుల్లో ఉన్నవాళ్లు చిక్కుకున్న తీరు చదివితే కడుపు తరుక్కుపోతుంది.

నగదు అని చెప్పి, తీరా మాట్లాడితే మీ లోను మేమే కట్టుకుంటాం, ఇల్లు మా పేర రాసివ్వండి అనేవాళ్లూ ఉన్నారు. అది నగదు అమ్మకమే కాదు. ఇల్లు వాళ్లది అవుతుంది, అప్పు అమ్మినవారి పేర మిగులుతుంది. వాళ్లు రెండు వాయిదాలు ఎగ్గొడితే క్రెడిట్ పాడయ్యేది అమ్మినవారిదే. పైగా యజమాని మారితే మొత్తం బాకీ ఒకేసారి అడిగే హక్కు బ్యాంకుకు లోను పత్రాల్లోనే ఉంటుంది. ఈ బేరానికి తలూపకపోవడమే క్షేమం.

అమెరికాలోని తెలుగు కుటుంబాల తొందరకు ఎక్కువసార్లు కారణం వీసా. హెచ్‌1బి మీద ఉన్నవారి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది. దేశంలో ఉండనిచ్చే ఐ-94 అనుమతి గడువు అంతకన్నా ముందే ముగిస్తే అదే లెక్క. ఆ 60 రోజుల్లో ఇల్లు కూడా అమ్మేసి తీరాలన్న భయంతో అయినకాడికి అమ్మేసుకుంటారు. హైదరాబాదులో ఉన్న తల్లిదండ్రులు కూడా "ఎంతొస్తే అంతకి ఇచ్చేసి వచ్చేయండిరా, ప్రాణాలకన్నా ఎక్కువా?" అంటారు. వాళ్ల ప్రేమ అర్థమయ్యేదే. కానీ వీసాకీ ఇంటి యాజమాన్యానికీ చట్టంలో ముడి లేదు. వీసా ముగిసి ఇండియా వచ్చేసినవారు కూడా అమెరికాలో ఇంటి యజమానిగా ఉండవచ్చు, అద్దెకు ఇచ్చుకోవచ్చు, తాపీగా అమ్ముకోవచ్చు. కాలనీ సంఘం నిబంధనలు అద్దెను ఒప్పుకుంటాయా, ఖాళీ ఇంటికి బీమా వర్తిస్తుందా అన్నవి మాత్రం వెళ్లకముందే తేల్చుకోవాలి. ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటే మామూలు పాలసీలు కొన్ని నష్టాలకు పరిహారం ఇవ్వవు.

సంతకాల కోసం విమానం ఎక్కి వెళ్లనక్కర్లేదు. ఆ ఒక్క ఇంటి అమ్మకానికే పరిమితమైన పవరాఫ్ అటార్నీ నమ్మకమైనవారి పేర రాసివ్వవచ్చు. హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో నోటరీ సేవలు ఉన్నాయి. ఒక దేశపు పత్రాలు మరో దేశంలో చెల్లుబాటయ్యేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది కాబట్టి ఆ దారీ ఉంది. అయితే ముసాయిదాను ముందుగా టైటిల్ కంపెనీకి చూపించి ఒప్పించుకున్నాకే సంతకం పెట్టాలి. టెక్సస్‌లో కాపురమున్న ఇంటిని, అది భార్యాభర్తల్లో ఒకరి పేర మాత్రమే ఉన్నా, రెండోవారి సంతకం లేకుండా అమ్మడం కుదరదు. భార్య పిల్లలతో ముందే ఊరెళ్లిపోయి, భర్త ఒక్కడూ ఇల్లు అమ్మే పనిలో ఉన్న కుటుంబాలకు ఇది చివర్లో తెలిస్తే తలనొప్పే.

పన్ను దగ్గరా తొందర, ఆలస్యం రెండింటి లెక్కా చూడాలి. గత ఐదేళ్లలో కనీసం రెండేళ్లు సొంతదారుగా ఆ ఇంట్లో నివసించినవారికి లాభంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పన్ను ఉండదు, జాయింట్ రిటర్న్ వేసే దంపతులకు 5 లక్షల దాకా. అంటే ఇల్లు ఖాళీ చేశాక కూడా దాదాపు మూడేళ్ల వెసులుబాటు ఉంటుంది. అయితే అమ్మే రోజుకు పన్ను లెక్కల్లో అమెరికా నివాసి కానివారయితే ఫిర్ప్టా అనే చట్టం అడ్డొస్తుంది. కొనేవారు ధరలో 15 శాతం పట్టుకుని పన్ను శాఖకు కట్టాలి. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. 4 లక్షల ఇంటికి 60 వేలు! తర్వాత రిటర్న్ వేసి, అసలు పన్ను పోను మిగతాది వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా అమ్మకానికి ముందే తగ్గింపు సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయవచ్చు. తాము నివసించడానికి కొనే కుటుంబమైతే 3 లక్షల లోపు ధరకు ఈ కోత ఉండదు, 10 లక్షల లోపు ధరకు 10 శాతమే. వ్యాపారం కోసం కొనే నగదు కొనుగోలుదారుకి ఆ మినహాయింపులు వర్తించవు. దేశం విడిచే ముందు అమ్మాలా, తర్వాత అమ్మాలా అన్నది పన్నుల నిపుణుడైన సీపీఏతో ఒక గంట కూర్చుంటే తేలిపోతుంది.

నగదుకే అమ్మాలని తేల్చుకున్నవారు మొదట బ్యాంకు నుంచి బాకీ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఆ తర్వాత ఒకరికొకరికి సంబంధం లేని ముగ్గురు కొనుగోలుదారుల నుంచి ధర, గడువు, ఎవరి ఖర్చులు ఎవరివి అన్నవి కాగితం మీద తీసుకోవాలి. ఒక లైసెన్సున్న ఏజెంటును పిలిచి, ఉన్నదున్నట్టుగా బయట పెడితే చేతికెంత వస్తుందో లెక్క వేసివ్వమని అడగాలి. ఆ అంచనాకు చాలామంది డబ్బు తీసుకోరు. కొనేవారి దగ్గర సొమ్ము ఉందన్న రుజువును వాళ్లిచ్చిన ఫోన్ నంబరుకు కాకుండా, బ్యాంకు అధికారిక నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. టైటిల్ కంపెనీని అమ్మేవారే ఎంచుకుంటే ఇంకా మంచిది. టెక్సస్‌లో టైటిల్ పాలసీ రేట్లు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది గనుక కంపెనీ మారిస్తే ఆ ఖర్చు పెరగదు. డబ్బు ఖాతాలో పడేదాకా తాళాలు ఇవ్వకూడదు, టైటిల్ కంపెనీ బయట ఎక్కడా దస్తావేజు మీద సంతకం పెట్టకూడదు. అగ్రిమెంటును సొంత ఖర్చుతో ఒక రియల్ ఎస్టేట్ లాయరుకు చూపించాలి. కొనేవారు "రేపటికల్లా సంతకం కావాలి, లేకపోతే ఆఫర్ పోతుంది" అంటే, పోనివ్వాలి.

వాయిదాలు తప్పి వేలం భయంతో అమ్మాలనుకునేవారికి ఉన్న సమయం వాళ్లు అనుకునేదానికన్నా సాధారణంగా ఎక్కువే. సొంత నివాసానికి తీసుకున్న లోనులో 120 రోజుల బకాయి దాటేదాకా జప్తు ప్రక్రియ మొదలుపెట్టకూడదని ఫెడరల్ నిబంధన. టెక్సస్‌లో ఆ తర్వాత కూడా కనీసం 21 రోజుల ముందు వేలం నోటీసు ఇవ్వాలి, వేలం సాధారణంగా నెలలో మొదటి మంగళవారం జరుగుతుంది. ఈలోగా పసుపు కార్డు మీది నంబరుకన్నా ముందు ఫోన్ చేయవలసింది అమెరికా గృహనిర్మాణ శాఖ గుర్తింపు ఉన్న సలహాదారులకు. నంబరు 800-569-4287. జప్తు నివారణ సలహాకు వాళ్లు డబ్బు తీసుకోరు.